ఆరు కార్నర్ల ప్రీస్కూల్ సెట్: ఏవి కొనాలి, ఏవి వద్దనాలి

కొత్తగా ప్లేస్కూల్ పెట్టేవాళ్లు సామాను కోసం వాకబు చేస్తే, ఏ డీలరైనా ముందు చేతిలో పెట్టేది ఆరు కార్నర్ల సెట్ కేటలాగు. బ్లాకుల మూల, బొమ్మరిల్లు, పుస్తకాల మూల, రంగుల మూల, పజిళ్ల మూల, ఇసుక–నీళ్ల మూల. పేర్లూ రంగులూ మారతాయి గానీ లోపలి సరుకు ఇంచుమించు ఒకటే. అందుకే ఈ సమీక్ష ఒక కంపెనీ గురించి కాదు, ఆ సెట్ గురించి. లెక్క కోసం 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న గది, మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 20 మంది, ఒక టీచర్, ఒక ఆయా అనుకుందాం.

ముందే చెప్పేస్తాం. సెట్‌లో చెక్క ర్యాకులు, బల్లలు, ఇసుక–నీళ్ల తొట్టి కొనదగ్గవి. ప్లాస్టిక్ కిచెన్, చెట్టు ఆకారం పుస్తకాల స్టాండు, పళ్లున్న ముక్కలు ఒకదాంట్లో ఒకటి ఇరికించి పరిచే జిగ్సా మ్యాట్లు వద్దు. బ్లాకులు మంచివే అయినా సరిపోవు. కాబట్టి "సెట్ మొత్తం ఇంత" అని చెప్పే కొటేషన్ ఒప్పుకోకండి. ఒక్కో వస్తువుకూ విడిగా ధర, కొలత, మెటీరియల్ రాసి ఇమ్మనండి. అలా రాయించాకగానీ డబ్బు ఎటు పోతోందో తెలియదు: కంటికి పెద్దగా కనిపించే ప్లాస్టిక్‌కే చాలా భాగం పోతుంది, పిల్లల చేతుల్లో రోజూ తిరిగే చిన్న సామానుకు మిగిలేది కొంచెమే.

ర్యాకులు

మూలను మూలగా నిలబెట్టేది బొమ్మలు కాదు, ర్యాకు. సెట్‌లో రెండు రకాలు పంపుతారు. ఒకటి ఏటవాలుగా రంగురంగుల ప్లాస్టిక్ డబ్బాలు అమర్చిన స్టాండు. రెండోది వెనక పలక ఉన్న, ముందు తెరిచి ఉండే చెక్క ర్యాకు. మొదటిది తీసేయమనండి, దాని బదులు రెండోదే ఇంకొకటి అడగండి. కారణం సులువు. డబ్బా లోతుగా ఉంటే అడుగున ఏముందో పిల్లకు కనబడదు. కనబడకపోతే డబ్బా ఎత్తి బోర్లిస్తుంది. పది నిమిషాల్లో ఎనిమిది డబ్బాల సామాను నేల మీద కలిసిపోతుంది. దాన్ని పిల్లల అల్లరి అనుకుంటారు గానీ, అది డబ్బా లోతు చేసే పని.

చెక్క ర్యాకు ఎత్తు 28 నుంచి 30 అంగుళాలు, లోతు 12 అంగుళాలు, పొడవు 4 అడుగులు ఉంటే చాలు. ఈ ఎత్తులో కింద కూర్చున్న పిల్లకు చుట్టూ గోడ ఉన్నట్టు నిమ్మళంగా ఉంటుంది, నిలబడ్డ టీచర్‌కు గదంతా కనిపిస్తుంది. మూడున్నర అడుగుల ర్యాకు వస్తే వెనక్కి పంపండి. అది చూపుకు అడ్డం, పైగా పిల్లలు ఎక్కితే ముందుకు పడుతుంది.

మెటీరియల్ దగ్గరే ఎక్కువ మోసపోతారు. పైకి అందమైన లామినేట్, లోపల పార్టికల్ బోర్డు. మన బళ్లలో రోజూ బకెట్ నీళ్లతో నేల తుడుస్తారు. కింది అంచు తడి పీల్చి ఉబ్బుతుంది, అంచు పట్టీ ఊడుతుంది, స్క్రూ పట్టు వదులుతుంది. వానాకాలం ఒక్కటి చాలు. అడగాల్సింది 18 మిల్లీమీటర్ల బీడబ్ల్యూఆర్ ప్లైవుడ్, అంటే తడిని బాగా తట్టుకునే రకం. దాని మీద ప్లైవుడ్‌కు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 303 ముద్ర ఉండాలి. అడుగున రెండు అంగుళాల కాళ్లో పీవీసీ బుష్‌లో పెట్టించండి. మూలలు గుండ్రంగా తీయించండి. చక్రాలు కావాలంటే నాలుగింట కనీసం రెండింటికి లాక్ ఉండాలి. గోడకు ఆనించే ర్యాకును ఎల్ ఆకారం క్లిప్పుతో గోడకు బిగించాలి. ఫిట్టింగుకు వచ్చిన కుర్రాడు ఈ పని అడిగితేనే చేస్తాడు.

ర్యాకు మీద వస్తువులు నేరుగా పెట్టకూడదు, ట్రేలలో పెట్టాలి. 12 అంగుళాలకు 10 అంగుళాలు, రెండు అంగుళాల లోతు ఉన్న ట్రేలు సరిపోతాయి. బేగంబజార్‌లో గానీ మీ ఊరి స్టీలు సామాను కొట్టులో గానీ సెట్ ధర కంటే తక్కువకే దొరుకుతాయి. నాలుగడుగుల అరకు మూడు ట్రేలు, మధ్యలో బెత్తెడు ఖాళీ. పైపలకతో కలిపి మూడు అరలంటే తొమ్మిది ట్రేలు. అంతే పెట్టండి. ట్రే అంచున లోపలి వస్తువు ఫోటో, ర్యాకు మీద అదే చోట అదే ఫోటో అంటిస్తే సర్దడం చెప్పకుండానే వస్తుంది. చదవడం రాని పిల్లకు "ఇక్కడ పెట్టు" అని ర్యాకే చెప్పాలి కదా.

బల్లలు, కుర్చీలు

సెట్‌లో ఒకే సైజు కుర్చీలు వస్తాయి, సాధారణంగా 12 అంగుళాల ఎత్తు. ఐదేళ్ల పిల్లకు అది సరే. మూడేళ్లవాడికి కాళ్లు గాల్లో వేలాడతాయి, వాడు కుదురుగా కూర్చోలేడు. యూరప్ బడి ఫర్నిచర్ ప్రమాణంలో అతి చిన్న సైజుల్లో ఒకటి 26 సెంటీమీటర్ల కుర్చీకి 46 సెంటీమీటర్ల బల్ల, దాని పైది 31కి 53. మన కొలతలో 10 అంగుళాలకు 18, 12 అంగుళాలకు 21. చిన్న తరగతికి మొదటి జోడీ అడగండి, చాలామంది దగ్గర ఉంటుంది. 20 మందికి 20 కుర్చీలు అక్కర్లేదు. ఆట సమయంలో అందరూ ఒకేసారి కూర్చోరు. రెండు బల్లలు, పది కుర్చీలు చాలు. మిగిలిన చోటు నేలకు వదలండి, జంపఖానా పరచండి.

బ్లాకులు

సెట్‌లోని చెక్క బ్లాకుల నాణ్యత చాలావరకు బాగుంటుంది. తక్కువ పడేది సంఖ్య. 50, 60 ముక్కలు పంపి "20 మందికి" అని రాస్తారు. నలుగురు పిల్లలు ఒకేసారి ఇల్లో వంతెనో కట్టాలంటే 120 కావాలి. తక్కువైతే కట్టడం ఆగిపోయి లాక్కోవడం మొదలవుతుంది. టీచర్ రోజంతా తగవులు తీరుస్తూ కూర్చుంటుంది, నెల తిరక్కుండా ఆ మూల మూతపడుతుంది.

మిగతావి వడ్రంగి చేత కోయించుకోవచ్చు. అమెరికాలో కరోలైన్ ప్రాట్ వందేళ్ల కిందట రూపొందించిన యూనిట్ బ్లాకుల కొలత ఇప్పటికీ తిరుగులేనిది: మందం ఒకటి, వెడల్పు రెండు, పొడవు నాలుగు. మన వడ్రంగికి మిల్లీమీటర్లలో చెప్పండి. అసలు దిమ్మె 140 పొడవు, 70 వెడల్పు, 35 మందం. సగం దిమ్మె పొడవు 70, జోడు దిమ్మె 280, నాలుగింతల దిమ్మె 560. 120 ముక్కల లెక్క ఇలా: అసలువి 48, సగాలు 24, జోడువి 24, నాలుగింతలవి 8, త్రికోణాలు 8, స్తంభాలు 8. రెండు సగాలు కలిపితే ఒక నిండు దిమ్మె అని పిల్ల తన చేత్తో కనుక్కుంటుంది. ఈ లెక్కను ఏ వర్క్‌షీటూ ఇంత బాగా నేర్పలేదు.

జాగ్రత్త పడాల్సింది కోత దగ్గర. మందంలో ఒక్క మిల్లీమీటర్ తేడా ఉన్నా, పది దిమ్మెలు పేర్చేసరికి సెంటీమీటర్ తేడా వస్తుంది. పక్కపక్కన కట్టిన రెండు గోడల మీద కప్పు నిలవదు, పిల్ల తప్పు తనదే అనుకుంటుంది. అందుకని అన్నీ ఒకే పట్టెలోంచి, మిషన్ మీద గేజు కదపకుండా కోయించండి. రబ్బరు చెక్క గానీ బాగా ఆరిన వేప గానీ మేలు. పచ్చి మామిడి చెక్క వంకర పోతుంది, పురుగు పడుతుంది. 120 నంబరు గరుకు కాగితం, తర్వాత 220 నంబరుతో రుద్ది అంచులు మొద్దు చేయించండి. రంగు వేయించకండి. వార్నిష్ జారుతుంది కూడా.

బ్లాకుల కింద పరవమని సెట్‌లో ఇచ్చే జిగ్సా మ్యాట్ మెత్తన. మెత్తటి నేల మీద ఏ కట్టడమూ నిలవదు. పైగా పిల్లలు మ్యాట్ పళ్లు ఊడదీసి నములుతారు. దాని బదులు పల్చటి జంపఖానా పరచి నాలుగు అంచులూ టేపుతో అతికించండి. చప్పుడూ తగ్గుతుంది, కట్టడమూ నిలుస్తుంది.

బొమ్మరిల్లు

సెట్‌లో అన్నిటికంటే ఖరీదైనదీ, అన్నిటికంటే పనికిరానిదీ ప్లాస్టిక్ కిచెన్. అవెన్, సింకు, పిజ్జా ముక్కలు, బర్గరు. మన పిల్లలు ఇంట్లో చూసేది గ్యాస్ పొయ్యి, కుక్కరు, అట్ల పెనం, ఇడ్లీ పళ్లెం, చేట. తెలిసిన పనినే పిల్లలు ఆడతారు. తెలిసిన వస్తువు దొరికితే "అన్నం ఉడికిందా? కూర తాలింపు వెయ్యి" అంటూ మాటలు పుట్టుకొస్తాయి. ఈ వయసులో భాష పెరగడానికి ఈ మూలను మించింది లేదు. అవెన్ మీటలు నొక్కితే వచ్చే పాట ఆ మాటలను మింగేస్తుంది.

ఈ మూలకు కావలసింది రెండు చెక్క పెట్టెలు, మూత లేని ఒక అర, అంతే. పెట్టెను బోర్లిస్తే పొయ్యి, దాని మీద సుద్దతో గీసిన రెండు బర్నర్లు. చిన్న స్టీలు గిన్నెలు ఆరు, చెంచాలు, ఒక చిన్న చేట, జల్లెడ, అంచులు మొద్దుగా ఉన్న పెనం, మోకాటి పొడవు పంచెలు రెండు, వోణీ ముక్కలు రెండు, కండువా, గుడ్డ బొమ్మలు రెండు, బొమ్మకు ఊయల కట్టడానికి పాత చీర ముక్క. కూరలవాడి తక్కెడ ఒకటి పెడితే ఇల్లు కాస్తా రైతుబజారు అవుతుంది. మూడు వారాలకోసారి సామాను మార్చండి: రైతుబజారు, తర్వాత పోస్టాఫీసు, తర్వాత ఆసుపత్రి.

లక్కపిడతలు తప్పకుండా పెట్టండి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను చిత్రిక పట్టి, గింజలు, ఆకులు, బెరడు, వేళ్ల నుంచి తీసిన రంగుల్ని లక్కలో కలిపి చేస్తారు. 2017లో వీటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. లేపాక్షి షోరూముల్లో దొరుకుతాయి. కొనేటప్పుడు తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే వద్దు. నీళ్లలో నానబెట్టకూడదు, ఆరిన గుడ్డతో తుడవాలి. చిన్న మూతలూ గరిటెలూ మూడేళ్ల లోపు వాళ్ల నోటికి అందకూడదు.

కొండపల్లి బొమ్మలు కూడా ఇక్కడ పెట్టాలని చాలామందికి ఉంటుంది. అవి తెల్లపొణికి కర్రతో, చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతికినవి. తేలిక, మెత్తన. మూడేళ్లవాడి చేతిలో చెయ్యో కాలో విరుగుతుంది. వాటిని పిల్లల కంటి ఎత్తులో గోడ అర మీద ఉంచి కథ చెప్పేటప్పుడు టీచరే దించాలి.

ఇసుక–నీళ్లు

సెట్‌లోని మూత ఉన్న తొట్టి బాగుంటుంది, ఉంచుకోండి. ఆరు అంగుళాల లోతు ఉండాలి, అడుగున నీళ్లు వదిలే బిరడా ఉండాలి. బిరడా లేకపోతే నీళ్లు నిండిన తొట్టిని ఆయా ఒక్కతే ఎత్తి పారబోయాలి. రెండో రోజుకే "నీళ్లు వద్దులే" అంటుంది. ఈ మూల ఆగిపోవడానికి అసలు కారణం చాలాచోట్ల ఇదే.

ఇసుక ఏటి ఇసుకే కావాలి. ఈ మధ్య ఎక్కడ చూసినా ఎం-శాండ్. అది రాయి పిండి చేసి తీసేది. గరుకు ఎక్కువ, రాతి దుమ్ము రేగుతుంది, పిల్లల ఊపిరికి మంచిది కాదు. ఏటి ఇసుకను సన్న జల్లెడ పట్టి, రెండుసార్లు కడిగి, ఎండబెట్టి పోయండి. కొంచెం తడిగా ఉంటేనే ముద్ద నిలుస్తుంది, కంట్లోకీ ఎగరదు. సాయంత్రం మూత పెట్టకపోతే పిల్లులు వాడుకుంటాయి. నీళ్లు నాలుగు అంగుళాలు దాటకూడదు, పెద్దవాళ్లు పక్కనే ఉండాలి, ఆట కాగానే పారబోయాలి. నిలవ ఉంచితే వారం, పదిరోజుల్లో అదే డెంగీ దోమల పుట్టిల్లు. తొట్టి కింద గోనెపట్టా పరిస్తే జారరు.

మిగిలిన మూడు మూలలు

పుస్తకాల చెట్టులో పుస్తకాలు అట్ట వెన్ను చూపిస్తూ నిలబడతాయి. చదవడం రాని పిల్లకు వెన్ను చూసి ఏం తెలుస్తుంది? ముఖచిత్రం కనిపించే స్టాండు కావాలి. గోడకు రెండు సన్న పట్టెలు కొట్టించినా చాలు. ఒకసారికి 15 పుస్తకాలు, రెండు వారాలకోసారి మార్పు. సెట్‌తో వచ్చేవి దాదాపు అన్నీ ఇంగ్లిష్ ఏబీసీ పుస్తకాలే. మంచి పుస్తకం, తూలిక, ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్ట్ అనే ప్రచురణ సంస్థలు తెలుగులో వేసే బొమ్మల పుస్తకాలకు విడిగా డబ్బు కేటాయించండి. ఎండ నేరుగా పడని కిటికీ పక్క చోటు మేలు.

రంగుల మూలలో ఈజిల్ (కాగితం ఆనించి బొమ్మలు వేసే స్టాండు) మడత కీలు చూసుకోండి. వేలు ఇరికే సందు ఉంటే వద్దు. లావు బ్రష్‌లు, లావు క్రేయాన్లు, మొన మొద్దుగా ఉన్న కత్తెరలు ఆరు. ఈ మూలను ఫ్యాను కిందే పెడితే కాగితాలు ఎగిరి రంగు నేలపాలు. జిగురు బయట కొనక్కర్లేదు: కప్పు మైదా, నాలుగు కప్పుల నీళ్లు, సన్నమంట మీద కలియబెడితే ఐదు నిమిషాల పని. పోస్టర్లు అంటించేవాళ్లు అందులో మైలుతుత్తం వేస్తారు, అది విషం. పిల్లల జిగురులో వేయకూడదు. ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో వాడేయండి. ఆడుకునే పిండికి రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, రెండు చెంచాల నూనె, ముప్పావు కప్పు గోరువెచ్చని నీళ్లు, రంగుకు పసుపు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పు గాలిలోని చెమ్మ లాగి పిండి జిగటవుతుంది. గుప్పెడు మైదా అద్ది మళ్లీ పిసికి గాలి తగలని డబ్బాలో పెట్టండి.

పజిళ్లలో ముక్కల సంఖ్య వయసును బట్టి చూడాలి: మూడేళ్లకు 4 నుంచి 6, నాలుగేళ్లకు 8 నుంచి 12, ఐదేళ్లకు 24 దాకా. 56 అక్షరాల తెలుగు చెక్క పలక మూడేళ్లవాడి పని కాదు. పైగా చౌక పలకల్లో కోత మొద్దుగా ఉండి ఘ, ష లాంటివి గుర్తుపట్టేలా ఉండవు. ప్రతి పజిల్ ముక్కల వెనకా ఒకే గుర్తు గీయండి: ఒకదానికి చుక్క, ఇంకోదానికి గీత. లేకపోతే నెల తిరిగేసరికి అన్నీ కలిసిపోతాయి.

గదిలో అమరిక

ఫిట్టింగువాళ్లు ఆరు మూలల్నీ నాలుగు గోడలకు ఆనించి వెళ్లిపోతారు. ఫోటోకు బాగుంటుంది. మధ్యలో మిగిలిన మైదానంలో పిల్లలు పరుగెడతారు, పరిగెత్తొద్దని టీచర్ అరుస్తుంది. వాళ్లు వెళ్లేలోగానే రెండు ర్యాకులను గోడకు అడ్డంగా తిప్పించండి. ముందుగా కుళాయి ఎక్కడుందో చూసి రంగులు, ఇసుక–నీళ్లు అటు పెట్టండి. పుస్తకాలు, పజిళ్లు దానికి ఎదురు మూల. బ్లాకులు, బొమ్మరిల్లు పక్కపక్కనే. రెండూ సందడి మూలలే, పైగా అక్కడి దిమ్మెలే ఇక్కడ ఇడ్లీలవుతాయి. బ్లాకుల మూల తలుపుకు వెళ్లే దారిలో పడకూడదు. నడిచే దారి మూడడుగులు ఉండాలి. స్విచ్‌బోర్డులు చేతికందే ఎత్తులో ఉంటే ముందే మూయించండి.

చోట్లు లెక్కపెట్టండి. బ్లాకులు 4, బొమ్మరిల్లు 4, పుస్తకాలు 3, రంగులు 4, పజిళ్లు 6, ఇసుక–నీళ్లు 4. మొత్తం 25. 20 మందికి చాలినట్టే అనిపిస్తుంది గానీ, ఒక పిల్ల మూల మారాలంటే ఎటు చూసినా దాదాపు నిండే ఉంటుంది. పిండి బల్ల ఒకటి కలిపితే 29, అప్పుడు ఊపిరి ఆడుతుంది. మూల దగ్గర ఎంతమంది పడతారో అన్ని బట్టల క్లిప్పులు వేలాడదీయండి. క్లిప్పు తగిలించుకున్నవాళ్లే లోపలికి.

మొదటి రోజే ఆరూ తెరవకండి. రెండు తెరిచి, వారానికొకటి కలపండి. ఒక విడత ఆటకు 45 నిమిషాలు ఇవ్వాలి. 15 నిమిషాలకోసారి గంట కొట్టి మూల మార్పిస్తే పిల్ల పునాది వేసేసరికి లేవాల్సి వస్తుంది.

బిల్లు చేతికొచ్చే ముందు

2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. పెట్టె మీద గుర్తు కింద ఉన్న సీఎం/ఎల్ నంబరును, అంటే లైసెన్సు నంబరును, భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో కనిపిస్తుంది. భౌగోళిక గుర్తింపు కింద నమోదైన తయారీదారుల బొమ్మలకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది కాబట్టి లక్కపిడతల మీద గుర్తు లేదని కంగారుపడకండి. మూడేళ్ల లోపు పిల్లలు ఉంటే ఇంకో పరీక్ష: 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే ఏ ముక్కా గదిలో ఉండకూడదు. సెట్‌లోని దండ గుచ్చే పూసలు చాలావరకు ఇక్కడే తప్పుతాయి. చింతపిక్కలూ అంతే, అవి పెద్ద పిల్లల వామనగుంటలకు ఉంచండి.

ట్రేలు అదే మోడల్‌లో పది అదనంగా ఇప్పుడే తీసుకోండి. మరుసటి ఏడాదికి ఆ సైజు మారిపోతుంది, ర్యాకులో కూర్చోదు.